ఇంటి వైను తయారీలో కెగ్గులు, కార్బన్ డయాక్సైడ్ వాడకం

కెగ్గు అంటే పీడనాన్ని తట్టుకొనే, గాలి చొరని మూత గల చిన్న ఉక్కు పీపా. ఇంటివద్ద సొంత వాడుకకు వైను తయారుచేసుకొనేవారు, పులియడం పూర్తయిన వైనును నిలువ చేయడానికి, ఒక పాత్ర నుండి మరొక పాత్రకు మార్చడానికి, బుడగల వైను తయారుచేయడానికి, సీసాలలో నింపకుండా నేరుగా గ్లాసులోకి వడ్డించడానికి దీనిని వాడతారు. ఈ పనులన్నిటిలో గాలికి బదులుగా పాత్రలో నింపే వాయువు సాధారణంగా కార్బన్ డయాక్సైడ్. పాత తెలుగు సైన్సు వాచకాలలో దీనినే బొగ్గుపులుసు వాయువు అని వ్రాసేవారు. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఇంట బీరు కాచుకొనేవారి మధ్య ఈ పద్ధతి బాగా వ్యాపించింది. వైను తయారుచేసేవారు కూడా అవే పరికరాలను వాడుతున్నారు.

వైనును కొందరు తెలుగులో ద్రాక్షసారా అంటారు గాని ఆ మాట సరియైనది కాదు. సారా బట్టీపెట్టి దించేది, వైను కేవలం పులియబెట్టిన పండ్లరసం. అందువలన ఈ వ్యాసంలో వైను అనే మాటనే వాడడమైనది.

కార్బన్ డయాక్సైడ్ గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువైనది కనుక కొద్దిగా వదిలితే చాలు, అది వైను మీద దుప్పటిలా పరచుకొని కాపాడుతుందని ఒక అపోహ ఉంది. మూత సరిగా లేని పాత్రలో ఎంత వాయువు పోసినా వైను పాడవుతుంది. వైనును ముఖ్యంగా కాపాడేది పాత్ర బిగువు. ఆ పాత్రలో గాలి ఉండవలసిన చోటును ఆక్రమించడమే వాయువు చేసే పని.

పూర్వరంగం

స్కాట్లాండులో పనిచేసిన జోసెఫ్ బ్లాక్ 1750లలో చేసిన ప్రయోగాలతో మామూలు గాలికి భిన్నమైన ఈ వాయువు ఉన్నదని చూపాడు. పులుస్తున్న తొట్ల పైన నిలిచేది కూడా ఇదే వాయువు. జోసెఫ్ ప్రీస్ట్లీ 1767 ప్రాంతంలో ఇంగ్లాండులోని లీడ్స్‌లో ఒక బీరు బట్టీ పక్కన నివసిస్తూ, ఆ తొట్ల మీది వాయువును నీటిలో కరిగించి చూశాడు. వాయువును నీటికి పట్టించే విధానాన్ని 1772లో చిన్న పుస్తకంగా ప్రచురించాడు. సోడానీటి పరిశ్రమకు మూలం ఇదే. మన ఊళ్ళలో అందరికీ తెలిసిన గోలీసోడా సీసా రకానికి ఇంగ్లాండులో 1872లో పేటెంటు పొందినవాడు హైరమ్ కాడ్. అందులో గోలీని సీసా మెడకు అదిమిపట్టి ఉంచేది లోపలి వాయువు పీడనమే. కెగ్గు మూత బిగియడంలోను సరిగా ఇదే సూత్రం ఉంది.

లూయీ పాశ్చర్ వైనును గురించిన తన గ్రంథాన్ని 1866లో వెలువరించి, వైను జబ్బులకు సూక్ష్మజీవులు కారణమని వివరించాడు. వైనుపై ఆక్సిజన్ ప్రభావాన్ని కూడా ఆయన అందులో చర్చించాడు.

ఇళ్ళలో వాడే కెగ్గు వైను కోసం గాని బీరు కోసం గాని పుట్టినది కాదు. 20వ శతాబ్దం రెండవ భాగంలో అమెరికాలో శీతలపానీయాల పాకాన్ని దుకాణాలకు చేరవేయడానికి 5 గ్యాలన్ల, అంటే సుమారు 19 లీటర్ల ఉక్కు డబ్బాలు వాడేవారు. కార్నీలియస్ అనే తయారీసంస్థ పేరుమీదుగా వాటికి కార్నీ కెగ్గులు అని పేరు వచ్చింది. ఆ శతాబ్దం చివరి దశాబ్దాలలో పాకాన్ని అట్టపెట్టెలోని ప్లాస్టిక్ సంచులలో పంపడం మొదలై, ఈ డబ్బాలు పెద్దసంఖ్యలో మిగిలిపోయి చవకగా అమ్ముడుపోయాయి. ఇప్పుడు ఇంటి వాడుక కోసమే కొత్తవి కూడా తయారవుతున్నాయి.

గాలి చేసే హాని

పులియడంలో ఈస్టు చక్కెరను ఆల్కహాలుగా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. సిద్ధాంతరీత్యా 180 గ్రాముల గ్లూకోజు నుండి 92 గ్రాముల ఆల్కహాలు, 88 గ్రాముల వాయువు వస్తాయి. లీటరుకు 200 గ్రాముల చక్కెర గల ద్రాక్షరసం లీటరొక్కింటికి సుమారు 50 లీటర్ల వాయువును వదులుతుంది. అంత వాయువు నిరంతరం బయటికి పోతున్నంతకాలం గాలి లోనికి రావడానికి అవకాశం ఉండదు. పులియడం ఆగిన తరువాతనే అసలు చిక్కు.

కల్లు సంగతి తెలిసినవారికి ఇది కొత్త విషయం కాదు. చెట్టునుండి దించిన కల్లు నురగలు కక్కుతూ పొంగుతుంది, కొన్ని గంటలు గడిస్తే పులుపెక్కుతుంది, ఇంకా ఉంచితే వినెగరు వాసన వేస్తుంది. ఆల్కహాలును ఎసిటిక్ ఆమ్లంగా మార్చే బాక్టీరియాకు ఆక్సిజన్ అవసరం. బాక్టీరియా లేకపోయినా ఆక్సిజన్ ఊరుకోదు. తెల్ల వైను గోధుమరంగుకు తిరుగుతుంది, పండువాసన పోయి కోసి ఉంచిన ఆపిల్ ముక్క వాసన వంటిది వస్తుంది.

దీనిని అడ్డుకోవడానికి వైనులో పొటాషియం మెటాబైసల్ఫైట్ రూపంలో సల్ఫర్ డయాక్సైడ్ కలుపుతారు. అయితే ఒక మిల్లీగ్రాము ఆక్సిజన్ సుమారు 4 మిల్లీగ్రాముల సల్ఫర్ డయాక్సైడ్‌ను ఖర్చుచేస్తుంది. దీనితో ఒక చిన్న లెక్క చేసి చూద్దాం. 20 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఒక లీటరు గాలిలో సుమారు 280 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. 19 లీటర్ల పాత్రలో 18 లీటర్ల వైను పోసి, పైన ఒక లీటరు గాలి వదిలితే, ఆ ఆక్సిజన్ మొత్తం 1,120 మిల్లీగ్రాముల సల్ఫర్ డయాక్సైడ్‌ను హరించగలదు. అంటే లీటరు వైనుకు 62 మిల్లీగ్రాములు. మామూలుగా వైనులో స్వేచ్ఛగా ఉంచేది లీటరుకు 20 నుండి 40 మిల్లీగ్రాములే. కాబట్టి ఒక్క లీటరు గాలి, మూసిన పాత్రలోనే, మొత్తం రక్షణను మింగివేయడానికి సరిపోతుంది.

పాత్ర మార్చేటప్పుడు జరిగే నష్టం కూడా తక్కువది కాదు. గాలిలో చిలికినట్లుగా ధారపోస్తే వైను లీటరుకు సుమారు 8 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను కరిగించుకుంటుంది. అది లీటరుకు 32 మిల్లీగ్రాముల సల్ఫర్ డయాక్సైడ్ ఖరీదు చేస్తుంది. సంవత్సరంలో మూడు నాలుగు సార్లు తేటవంచేవారి వైను ఎందుకు వాడిపోతుందో ఈ లెక్క చెబుతుంది.

కెగ్గు నిర్మాణం

కార్నీ కెగ్గు నిలువుగా ఉండే స్తంభాకారపు పాత్ర. పైన కోలగా ఉండే నోరు ఉంటుంది. మూతను ఏటవాలుగా లోనికి దించి, లోపలినుండి పైకి లాగి, తీగె పిడితో బిగిస్తారు. మూత అంచుకు రబ్బరు వలయం ఉంటుంది. లోపల పీడనం పెరిగినకొద్దీ మూత ఇంకా గట్టిగా అతుక్కుంటుంది. పీడనం ఉండగా మూత లోనికి పడదు, పైకి రాదు. మూతపై ప్రమాద నివారణకు, వాయువును వదలడానికి ఒక చిన్న వాల్వు ఉంటుంది. ఇది లేని పాత మూతలు వాడకపోవడమే మేలు.

పైభాగంలో రెండు ముక్కులు ఉంటాయి. ఒకదానికి పొట్టి గొట్టం, దాని గుండా వాయువు లోనికి వెళుతుంది. రెండవదానికి అడుగువరకు వెళ్ళే పొడవు గొట్టం, దాని గుండా వైను బయటికి వస్తుంది. ముక్కులలో రెండు రకాలున్నాయి. బాల్‌లాక్ రకం పెప్సీ డబ్బాలలో, పిన్‌లాక్ రకం కోకాకోలా డబ్బాలలో ఉండేవి. పిన్‌లాక్ రకంలో వాయువు ముక్కుకు రెండు, ద్రవం ముక్కుకు మూడు మేకులుంటాయి గనుక పొరపాటు పడే అవకాశం తక్కువ. ఒక రకపు గొట్టపు బిగింపు రెండవదానికి పట్టదు.

పాత డబ్బాలో శీతలపానీయపు వాసన రబ్బరులో మిగిలిపోతుంది. ఎంత కడిగినా అది పోదు, వలయాలన్నీ కొత్తవి వేయవలసిందే. సిలికోన్ వలయాలు మెత్తగా ఉండి బాగా పట్టినా, వాటిగుండా ఆక్సిజన్ ఇతర రబ్బరులకంటె చాలా ఎక్కువగా చొరబడుతుంది. నెలల తరబడి నిలువకు అవి పనికిరావు. బట్టల బ్లీచింగు ద్రావణంతో కెగ్గును కడుగరాదు, క్లోరిన్ ఉక్కును గుంటలు పడేటట్లు తింటుంది. కెగ్గులు ఎక్కువగా 304 తరగతి స్టెయిన్‌లెస్ స్టీలుతో చేసినవి. వైను పైన చేరే సల్ఫర్ డయాక్సైడ్ ఆవిరి ఆ తరగతి ఉక్కును కూడా క్రమేణ పాడుచేయగలదు. అందువలన ఎక్కువ కాలం ఉంచదలచిన కెగ్గును అంచువరకు నింపడం ఉత్తమం.

గాలిని వెళ్ళగొట్టడం

ఖాళీ కెగ్గు అంటే 19 లీటర్ల గాలితో నిండిన కెగ్గు. అందులో 5 గ్రాములకు పైగా ఆక్సిజన్ ఉంటుంది. మూత తీసి గొట్టంతో కొంతసేపు కార్బన్ డయాక్సైడ్ వదలడం చాలామంది చేసే పని. వాయువు వేగంగా వచ్చి గాలిని కలియబెడుతుంది. నెమ్మదిగా వదిలినా కొద్దిసేపటిలో రెండూ కలిసిపోతాయి, ఎందుకంటే వాయువులు బరువు తేడా ఉన్నా వ్యాపనం వలన ఒకదానిలో ఒకటి కలుస్తాయి. ఒకసారి కలిసినవి మళ్ళీ పొరలుగా విడిపోవు. మన చుట్టూ ఉన్న వాతావరణంలోనే కార్బన్ డయాక్సైడ్ నేలమీద పొరగా దిగి ఉండడం లేదు కదా.

రెండవ విధానం మూత బిగించి వాయువును ఎక్కించి వదలడం. రెగ్యులేటరును 2 బార్‌లకు, అంటే సుమారు 30 పి.ఎస్.ఐ.కి పెట్టి నింపితే లోపలి మొత్తం పీడనం వాతావరణ పీడనానికి మూడు రెట్లవుతుంది. దానిని వదిలివేస్తే ఆక్సిజన్ పాలు మూడవ వంతుకు తగ్గుతుంది. అలా చేసినకొద్దీ 21 శాతం ఉన్నది వరుసగా 7, 2.3, 0.8, 0.26, 0.09 శాతమవుతుంది. ఐదుసార్లు చేస్తే చాలు. అయితే ఖాళీ కెగ్గుకు ఒక్కొక్కసారికి 70 గ్రాముల చొప్పున సుమారు 350 గ్రాముల వాయువు ఖర్చవుతుంది.

అన్నిటికంటె మంచిది నీటితో నెట్టే పద్ధతి. కెగ్గును క్రిమిరహిత ద్రావణంతో పూర్తిగా, నోటి అంచువరకు నింపి మూత బిగిస్తారు. వాయువు ముక్కు నుండి కార్బన్ డయాక్సైడ్‌ను తక్కువ పీడనంతో పంపితే, పొడవు గొట్టం గుండా ద్రావణమంతా బయటికి పోతుంది. నీరు ఉన్న చోట గాలి లేదు, నీరు పోయిన చోటికి వాయువు తప్ప మరొకటి రాలేదు. ఖర్చయ్యేది 19 లీటర్ల వాయువు, అంటే సుమారు 35 గ్రాములు. పై పద్ధతిలో పదవ వంతుతో అంతకంటె మంచి ఫలితం వస్తుంది. పీడనంతో నెట్టిన ద్రావణాన్ని ఇంకొక కెగ్గులోకే పంపి దానిని కూడా శుభ్రం చేయవచ్చును.

సిలిండరు అసలే లేకపోయినా ఒక ఉపాయం ఉంది. 19 లీటర్ల రసం పులిసేటప్పుడు సుమారు 1,000 లీటర్ల వాయువు ఊరకే బయటికి పోతుంది. పులియబెట్టే పాత్రనుండి వచ్చే గొట్టాన్ని ఖాళీ కెగ్గు పొడవు గొట్టానికి తగిలించి, రెండవ ముక్కును నీటి బుడ్డిలోకి వదిలితే, ఆ వాయువే కెగ్గులోని గాలిని నెట్టివేస్తుంది. వచ్చే దారి మడ్డితో గాని నురగతో గాని మూసుకుపోకుండా చూసుకోవాలి.

గాలి పోయిన కెగ్గులోకి వైనును పొడవు గొట్టం గుండా అడుగునుండి నింపుతారు. వైను పెరిగినకొద్దీ లోపలి వాయువు పైముక్కు నుండి బయటికి పోతుంది. కెగ్గు నుండి కెగ్గుకు పంపేటప్పుడు 0.2 నుండి 0.3 బార్‌ల పీడనం చాలు. పొడవు గొట్టం అడుగుకు తగులుతూ ఉంటుంది గనుక మడ్డి మొదట అదే పీల్చుకుంటుంది. కొందరు గొట్టం చివర ఒకటి రెండు సెంటీమీటర్లు కోసివేస్తారు.

గాజు జాడీకి పీడనం పెట్టరాదు

వైను తయారుచేసేవారి ఇళ్ళలో 19 లేదా 23 లీటర్ల గాజు జాడీలు సాధారణం. జాడీ మూతికి బిరడా బిగించి కార్బన్ డయాక్సైడ్‌తో వైనును బయటికి నెట్టవచ్చునని కొందరు ప్రయత్నిస్తారు. ఇది అత్యంత ప్రమాదకరం. జాడీ అడుగు బల్లపరుపుగా, గోడలు సమానమైన మందం లేకుండా ఉంటాయి. అది పీడనపాత్ర కాదు. రెగ్యులేటరు కొద్దిగా తప్పినా జాడీ పగిలి గాజుపెంకులు ఎగురుతాయి. జాడీ నుండి కెగ్గుకు వైనును మార్చడానికి ఎత్తుపల్లాల తేడాతో పనిచేసే మామూలు సైఫన్ గొట్టమే సరియైన సాధనం. జాడీలో వైను తగ్గినకొద్దీ పైనుండి వచ్చే కొద్ది గాలిని సహించడం, చెయ్యి కోసుకోవడం కంటె మేలు.

నిలువ చేయడం

ఇక్కడ కార్బన్ డయాక్సైడ్ గుణం ఒకటి అడ్డువస్తుంది. అది నీటిలో బాగా కరుగుతుంది. ఒక వాతావరణ పీడనం వద్ద లీటరు నీటిలో 0 డిగ్రీల వద్ద 3.3 గ్రాములు, 10 డిగ్రీల వద్ద 2.3, 20 డిగ్రీల వద్ద 1.7 గ్రాములు కరుగుతుంది. వైనులో అంకెలు కొంచెం మారుతాయి గాని క్రమం ఇదే. బుడగలు లేని వైనులో లీటరుకు ఒక గ్రాము దాటితే నాలుకకు చురుకుమని తగులుతుంది. తెల్ల వైనులో అది కొంత హాయిగానే ఉంటుంది. ఎర్ర వైనులో వగరును పెంచి రుచిని చెడగొడుతుంది.

దీనినుండి రెండు పరస్పర విరుద్ధమైన చిక్కులు వస్తాయి. సిలిండరును తగిలించి రెగ్యులేటరు తెరిచి ఉంచితే, ఎంత తక్కువ పీడనమైనా వైను వాయువును త్రాగుతూనే ఉంటుంది. 15 డిగ్రీల వద్ద 0.35 బార్‌ల అదనపు పీడనంతో కొన్ని వారాలు ఉంచిన ఎర్ర వైనులో లీటరుకు రెండు గ్రాములకు పైగా చేరుతుంది. అది ఇక ఎర్ర వైను కాదు, ఎర్ర సోడా. అట్లాకాక ఒక్కసారి వాయువు నింపి సిలిండరు తీసివేస్తే, పైన ఉన్న ఒక లీటరు వాయువు 18 లీటర్ల వైనులో కరిగి రుచిని మార్చడానికి చాలదు. కాని అది కరిగిన తరువాత లోపల పీడనం తగ్గి శూన్యం వంటిది ఏర్పడుతుంది. కార్నీ మూత లోపలి పీడనంతోనే బిగుస్తుందని పైన చెప్పుకున్నాం. పీడనం లేనప్పుడు అదే మూత సందులనుండి గాలిని పీల్చుకుంటుంది. నెలల తరువాత తెరిచి చూసి వినెగరు వాసన ఎక్కడినుండి వచ్చిందని ఆశ్చర్యపోయేవారి సమస్య తరచు ఇదే.

మొదట 2 బార్‌ల పీడనంతో మూతను అతికించి, వెంటనే వదిలి 0.1 బారు వద్ద ఉంచడం, కొన్ని వారాలకొకసారి పీడనం చూసి కొద్దిగా మాత్రమే నింపడం కార్బన్ డయాక్సైడ్‌తో చేయగల మధ్యేమార్గం. ఎర్ర వైనుకు నైట్రోజన్ గాని ఆర్గాన్ గాని మేలు. నైట్రోజన్ కరిగే పరిమాణం బరువు లెక్కన కార్బన్ డయాక్సైడ్‌లో సుమారు తొంభయ్యో వంతు మాత్రమే గనుక పీడనం నిలిచి ఉంటుంది, రుచి మారదు. అయితే ఈ వాయువుల సిలిండర్లలో పీడనం 150 నుండి 200 బార్‌ల వరకు ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ రెగ్యులేటరును వాటికి తగిలించరాదు.

ఓక్ పీపా గుండా ఆక్సిజన్ కొద్దికొద్దిగా చొరబడి ఎర్ర వైనును మెత్తబరుస్తుంది. ఉక్కు కెగ్గులో ఆ మేలు లేదు. మడ్డితో కూడిన వైనును గాలి చొరని కెగ్గులో ఉంచితే కుళ్ళిన కోడిగుడ్డు వాసన కూడా రావచ్చును. బాగా తేటవంచిన, సీసాలకు సిద్ధమైన వైనుకే కెగ్గు తగినది. నిండు కెగ్గు సుమారు 25 సీసాలకు సమానం. వారానికి ఒకటి రెండు గ్లాసులు త్రాగే ఇంట్లో, సగం వాడిన సీసా పాడయ్యే బాధ లేకపోవడమే దీని పెద్ద ప్రయోజనం.

బుడగల వైను

సంప్రదాయ షాంపేన్ పద్ధతిలో సీసాలో లీటరుకు సుమారు 24 గ్రాముల చక్కెర వేసి రెండవసారి పులియబెడతారు. దానివలన సుమారు 6 వాతావరణాల పీడనం వస్తుంది. కెగ్గులో చక్కెర లేకుండానే వాయువును నేరుగా ఎక్కించవచ్చును. వైనును 0 నుండి 2 డిగ్రీలకు చల్లబరచి, 2 బార్‌ల పీడనం వద్ద ఒక వారం ఉంచితే లీటరుకు సుమారు 8 నుండి 9 గ్రాములు కరుగుతుంది. కెగ్గును అటూ ఇటూ ఊపితే పని త్వరగా అవుతుంది. చల్లదనమే ఇందులో కీలకం, వెచ్చని వైనుకు ఎంత పీడనం పెట్టినా గ్లాసులో పోయగానే నురగై పోతుంది.

షాంపేన్ రుచిలో ఈస్టు మడ్డిపై నెలలు, సంవత్సరాలు ఉంచడం వలన వచ్చే భాగం ఉంటుంది. కెగ్గులో వారం రోజులలో అది రాదు. ఐరోపా సమాఖ్య నిబంధనలు కూడా వాయువు చేర్చిన వైనును వేరే తరగతిగా చూస్తాయి, ఆ సంగతి సీసాపై వ్రాయవలసి ఉంటుంది. అయినా తేలికపాటి ఆపిల్, స్ట్రాబెరీ వైనులకు ఈ పద్ధతి చక్కగా సరిపోతుంది.

కెగ్గునుండి సీసాలకు మార్చదలిస్తే షాంపేన్ వైనుకు వాడే మందపాటి సీసాలే వాడాలి. మామూలు వైను సీసా ఈ పీడనానికి పేలుతుంది. తీపి వైనులో ఈస్టు బ్రతికి ఉంటే అది కెగ్గులోనే మళ్ళీ పులియవచ్చును. లీటరుకు 4 గ్రాముల చక్కెర సుమారు ఒక వాతావరణ పీడనాన్ని పుట్టిస్తుందని గుర్తుంచుకుంటే ప్రమాదం అంచనా వేయవచ్చును. ప్రెషర్ కుక్కరు ఒక బారు అదనపు పీడనం వద్దనే కూత వేస్తుంది. ఆవిరి పోకుండా కుక్కరు మూత తీయనట్లే, వాల్వు ఎత్తి వాయువు పూర్తిగా వదలకుండా కెగ్గు మూత ముట్టుకోరాదు.

సిలిండరు, ప్రాణాపాయం

వంటగ్యాసు సిలిండరులోవలె ఇందులోను పదార్థం ద్రవరూపంలో ఉంటుంది. 20 డిగ్రీల వద్ద లోపలి పీడనం సుమారు 57 బార్‌లు. ద్రవం ఉన్నంతవరకు గేజి ముల్లు కదలదు కాబట్టి ఎంత మిగిలిందో తెలియాలంటే తూకం వేయాలి. సిలిండరును ఎల్లప్పుడు నిలువుగా, పడిపోకుండా కట్టి ఉంచాలి. పడుకోబెడితే ద్రవం రెగ్యులేటరులోకి వస్తుంది. 31 డిగ్రీలు దాటితే కార్బన్ డయాక్సైడ్ ద్రవంగా నిలువలేదు, నిండు సిలిండరులో పీడనం వేగంగా పెరుగుతుంది. 40 డిగ్రీలు దాటే మన వేసవి వంటి ఎండలో గాని, మూసిన కారులో గాని సిలిండరును ఉంచితే దాని భద్రతాపలక పగిలి వాయువంతా ఒక్కసారిగా బయటపడవచ్చును.

అలా బయటపడితే ఏమవుతుంది? ఇళ్ళలో వాడే 5 పౌనుల, అంటే 2.27 కిలోల సిలిండరులో సుమారు 1,250 లీటర్ల వాయువు ఉంటుంది. 4 మీటర్ల పొడవు, 3 మీటర్ల వెడల్పు, రెండున్నర మీటర్ల ఎత్తు గల గది ఘనపరిమాణం 30,000 లీటర్లు. తలుపులు మూసి ఉంటే గదిలో వాయువు 4 శాతం దాటుతుంది. అమెరికాలో పనిచేసే చోట 8 గంటల సగటుకు అనుమతించిన హద్దు 0.5 శాతం. 4 శాతాన్ని తక్షణ ప్రాణాపాయపు స్థాయిగా అక్కడి సంస్థలు లెక్కిస్తాయి. 10 శాతం వద్ద మనిషి నిమిషాలలో స్పృహ తప్పుతాడు. నేలమాళిగలో, మెట్లకింది గదిలో ఈ లెక్క ఇంకా త్వరగా పూర్తవుతుంది. ఒక పెద్ద జాడీ రసం పులిసేటప్పుడు కూడా దాదాపు ఇంతే వాయువు వస్తుంది. అయితే అది రోజుల తరబడి నెమ్మదిగా వస్తుంది కాబట్టి గాలి ఆడే గదిలో హాని లేదు.

వ్యాపనం వలన వాయువులు కలిసిపోతాయన్న మాట నిజమే గాని, గాలి కదలని గుంటలో పెద్దమొత్తంలో వచ్చిన వాయువు కలిసిపోయేలోపల మనిషి ప్రాణం పోతుంది. 1986 ఆగస్టు 21న కామెరూన్‌లోని న్యోస్ సరస్సు నుండి వెలువడిన కార్బన్ డయాక్సైడ్ పల్లపు లోయలలోకి పారి 1,700 మందికి పైగా మరణించారు.

పాత బావిలో పూడిక తీయడానికి దిగేముందు దీపం దించి చూసే ఆచారం తెలుగు పల్లెలలో ఉంది. ఆ పరీక్ష ఆక్సిజన్ బాగా తగ్గినప్పుడు మాత్రమే నమ్మదగినది. ఆక్సిజన్ 16 శాతం ప్రాంతానికి దిగితే కొవ్వొత్తి ఆరుతుంది. కాని గాలిలో కార్బన్ డయాక్సైడ్ 4 శాతం చేరినప్పుడు ఆక్సిజన్ ఇంకా 20 శాతం ఉంటుంది, 10 శాతం చేరినప్పుడు కూడా దాదాపు 19 శాతం ఉంటుంది. దీపం వెలుగుతూనే ఉండగా మనిషి కూలిపోవచ్చును. అందువలన కెగ్గులు, సిలిండరు ఉన్న గదిలో కార్బన్ డయాక్సైడ్‌నే కొలిచే హెచ్చరిక పరికరం ఉండాలి. తలనొప్పి, ఆయాసం, గుండెదడ అనిపిస్తే వెంటనే బయటికి రావాలి. లోపల పడిపోయిన మనిషిని లాగడానికి ఊపిరి బిగబట్టి వెళ్ళినవారు కూడా చనిపోయిన ఉదాహరణలు వైను నేలమాళిగల చరిత్రలో ఉన్నాయి.

సిలిండరులోకి ఆహారానికి తగిన శ్రేణి వాయువునే నింపించుకోవాలి. వాడకం అయిపోగానే సిలిండరు వాల్వును మూయడం, బిగింపులన్నిటికీ సబ్బునీరు పూసి బుడగలు వస్తున్నాయేమో చూడడం మంచి అలవాటు.

చట్టం

అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం వయోజనుడు ఇంటి వాడుకకు సంవత్సరానికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకంటె ఎక్కువమంది వయోజనులున్న ఇంట్లో 200 గ్యాలన్ల వైను పన్ను లేకుండా తయారుచేసుకోవచ్చును. అమ్మరాదు. రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉండవచ్చును. అక్కడ వ్యాపారవైను విషయంలో 100 మిల్లీలీటర్లకు 0.392 గ్రాములకు మించి కార్బన్ డయాక్సైడ్ ఉంటే అది బుడగలు లేని వైను తరగతినుండి బయటికి వచ్చి ఎక్కువ పన్ను తరగతిలో పడుతుంది.

భారతదేశంలో మత్తుపానీయాలు రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితాకు చెందిన అంశం కనుక ఒక్కొక్క రాష్ట్రంలో ఒక్కొక్క చట్టం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో 1968 నాటి ఎక్సైజు చట్టం క్రింద లైసెన్సు లేకుండా మత్తుపానీయం తయారుచేయరాదు. విదేశాలలో ఈ విద్య నేర్చుకొని పరికరాలతో తిరిగివచ్చేవారు ఈ సంగతి ముందుగా తెలుసుకోవాలి. ఖాళీ కెగ్గు, సిలిండరు సోడానీటికి కూడా అంతే బాగా పనికివస్తాయి.